చిన్నక్క కొట్టుగది

ములినౌత్ ముసలమ్మ గడ్డి మీద బోర్లా పడుకుని, కలుగు నోటికి చెంప ఆనించింది. ఆవిడకి చూపు పోయి చాలా ఏళ్లయింది. కానీ కలుగుల దగ్గరికి వచ్చేసరికి కళ్లున్న కోడలే ఆవిడ చెప్పినట్టు నడవాలి. కన్నంలోంచి వచ్చే గాలి చెంపకి తగిలితే చాలు, లోపల దుంపలు ఆరాయో లేదో, పడకగది ఎటుందో, కొట్టుగది ఎటుందో చెప్పేస్తుంది.

"చల్లగా ఉందే. పొడిగా కూడా ఉంది," అంది ముసలమ్మ. "మంచి సంసారం. ఈ ఇంటి ఇల్లాలికి పనీ పాటా తెలుసు."

"మనింటి ఇల్లాలికి తెలీదనా?" అంది అంకావిత్, జింక కొమ్ము గునపం అందుకుంటూ.

"పేరు పెట్టి అన్నానా? నువ్వే మీదేసుకుంటే నేనేం చెయ్యను?"

అత్తాకోడళ్ల మధ్య కూర్చున్న నాలుగేళ్ల యాయక్ కన్నంలోకి వేలు దూర్చబోయింది. ఆ చప్పుడుకే ముసలమ్మ చెయ్యి వచ్చి పిల్ల చేతిని పట్టుకుంది.

"వద్దమ్మా. చిన్నక్క కోప్పడుతుంది."

"నేనే కోప్పడతా," అంది పిల్ల.

యాయక్ పుట్టినప్పుడు ముసలమ్మ తన తల్లి పేరే పెట్టింది. పేరు పెట్టడమంటే మా వైపు ఊరికే పిలవడానికి కాదు. పోయినవాళ్లు తిరిగొచ్చి ఆ పేరులో కాపురం ఉంటారు. అందుకే పళ్లూడిన ముసలమ్మ మనవరాలిని నోరారా 'అమ్మా' అని పిలుస్తుంది. పిల్ల కూడా పెద్దరికంగానే పలుకుతుంది.

బయలు మీదికి వచ్చాక ఎలుకని ఎలుక అనకూడదు, చిన్నక్క అనాలి. వేసవంతా చిన్నక్క సరనా అనే పూలమొక్క దుంపలు ఒక్కొక్కటే కొరికి తెచ్చుకుంటుంది. మట్టి దులిపి, ఎండ కాసిన రోజు గుమ్మం ముందు ఆరబెట్టి, మబ్బు పట్టగానే లోపలికి చేరవేస్తుంది. పిల్లలతో పడుకునే గది వెచ్చగా ఉంటుంది, ఊపిరి చెమ్మ ఉంటుంది. కొట్టుగది దానికి ఎడంగా, చల్లగా, పొడిగా ఉంటుంది. ఆ చెమ్మ ఇటు రాకుండా మధ్యలో దారిని వంపు తిప్పుతుంది. ఉమ్మి నేలకి చేరేలోపు గడ్డకట్టే చలిలో కూడా, మంచు దుప్పటి కింద ఆ ఇల్లు ఒక్కలాగే ఉంటుంది. కుళ్లిన దుంప కనిపిస్తే ఆ పూటే బయట పారేస్తుంది. మన ఊళ్లో ఏ ఆడదీ ఇంత శుభ్రంగా కొట్టుగది పెట్టుకోలేదని ములినౌత్ అందరి మొహమ్మీదా అనేది. అందుకే ఆవిడంటే ఊళ్లో ఆడవాళ్లకి పడదు.

మనుషుల ఇళ్ల సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. సగం నేలలో, పైన మట్టి పెళ్లలు, లోపల సీల్ కొవ్వు దీపం. దీపం వెలిగితే గోడలు చెమటలు కక్కుతాయి, ఆరితే ఆ చెమటే మంచు పొర కడుతుంది. ఆ ఇంట్లో ఏ దుంప పెట్టినా బూజే. అందుకని ములినౌత్ ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు. చలికాలం ముందు ఒక్కో కలుగులో సగమే తెచ్చుకుంటారు. మిగతా సగం చిన్నక్క దగ్గరే ఉంచి, నడి చలికాలం దాటాక వెళ్లి అందులో తమ వాటా తెచ్చుకుంటారు. అన్నాళ్లు కాపలా కాసినందుకు ఆమెకి ఎండుచేప పెట్టాలి, అదీ ఉప్పు తగలకుండా గాలికి ఆరింది. పెట్టాక మట్టిపెళ్ల మూత ఎక్కడిదక్కడ సర్ది, సందుల్లో నాచు కూరాలి. ఏమీ పెట్టకుండా దోచుకుపోతే చిన్నక్క ఏటి ఒడ్డు పొదల్లోకి వెళ్లి, కొమ్మ పంగలో మెడ ఇరికించుకుని ప్రాణం తీసుకుంటుంది. అలా వేలాడే చిన్నక్కని అంకావిత్ చిన్నప్పుడు కళ్లారా చూసింది. గద్ద జారవిడిచి ఉంటుందని ఆమె మొగుడు కవావ్ నవ్వేవాడు గానీ, ఆమెకి ఎప్పుడూ నవ్వు రాలేదు.

ఆ ఏడు ఎండుచేప లేదు. యుద్ధం ఎక్కడో పొద్దు గుంకే వైపు జరుగుతోంది. దాని ఆకలి మాత్రం ఇక్కడిదాకా చెయ్యి చాచింది. చేపలు ఏరెక్కినన్నాళ్లూ ఆడవాళ్లు కోసి దండేల మీద ఆరేసినదంతా సర్కారు చేపల ముఠాకి పెద్ద గిర్గోల్ వచ్చి దింపించుకుపోయాడు. కవావ్‌ని కూడా దక్షిణాన చేపల కర్మాగారంలో కట్టెలు కొట్టడానికి తీసుకుపోయారు. గిర్గోల్ పరాయివాడేం కాదు, ములినౌత్ తమ్ముడి కొడుకే.

"చిన్నక్కకి పెట్టుకోడానికి నాలుగైనా ఉంచరా," అని అడిగింది ముసలమ్మ.

"తుపాకి పట్టినవాళ్లకి చాలక చస్తుంటే ఎలకలకి కావాలా అత్తా?"

"సరే, పట్టుకుపో. చలికాలంలో వాళ్లే దుంపలు తెచ్చిస్తారేమో, అది కూడా అడిగిరా."

గిర్గోల్ నవ్వబోయి మానేశాడు. మర్నాడు కర్మాగారం వాళ్లు వదిలేసిన ఉప్పుచేప పీపా ఒకటి తనే దొర్లించుకొచ్చి, వాళ్ల గుమ్మంలో నిలబెట్టి వెళ్లిపోయాడు. చెడ్డవాడని అనడానికి లేదు. ఆ చలికాలం అతనింట్లోనూ పొయ్యిలో పిల్లి లేవలేదు.

ముసలమ్మ ఒక్క ఎండుచేప మాత్రం పడక కింద దాచింది. ఎవరొచ్చినా దాని మీద పడుకుని మూలిగేది. ఇవాళ కలుగు దగ్గర దాన్ని కోటులోంచి తీసి కోడలి చేతిలో పెట్టింది.

"ముక్కలు చేసి అన్ని కలుగుల్లోనూ తలా ఒకటి పెట్టు. చిన్న ముక్కయినా పర్లేదు. మర్యాద తప్పకూడదు."

ఆ వాసనకి యాయక్ తల ఎత్తింది. పిల్లకి నోటి నిండా పుళ్లు. ఉప్పుచేప ఎంత నానబెట్టి పెట్టినా నాలిక మంటకి ఏడుస్తుంది, బలవంతాన మింగిస్తే కక్కేస్తుంది. ఎండుచేప అయితే తల్లి నమిలి పెడితే తింటుంది. పిల్ల అడగలేదు. చేప వంకే చూస్తూ కూర్చుంది. అంకావిత్ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఎండుచేపని తన కోటులోకి తోసేసి, దారి తిండికి తెచ్చుకున్న ఉప్పుచేప తలల్లోంచి ఒకటి తీసి దుంపల పక్కన పెట్టి మూత వేసింది.

"పెట్టావా?" అంది ముసలమ్మ.

"పెట్టాను అత్తా."

అబద్ధం కాదు. మిగతా కలుగుల్లోనూ అలాగే పెట్టింది. చిన్నక్కకి ఉప్పు నచ్చకపోతే తినడం మానేస్తుంది, అంతేగా అనుకుంది. ఉప్పు నీటిని పిలుస్తుందని ఆమెకి తెలీదా? వానలప్పుడు పీపా కింద నేల ఎలా చెమర్చేదో రోజూ చూసిందే. కానీ ఆకలిగా ఉన్న పిల్ల ఎదురుగా కూర్చుంటే తల్లికి తెలిసినవి కూడా గుర్తుకు రావు. ఆ సంగతి మాట్లాడేవాళ్లు ముందు పిల్లల్ని కని మాట్లాడాలి.

ఎండుచేపని ఇంట్లో ఎక్కడ దాచాలన్నది పెద్ద చిక్కయింది. ముసలమ్మ ముక్కు కుక్క ముక్కు. చివరికి గోడ మూల, మట్టిపెళ్లల సందులో దూర్చి, పైన నాచు కూరింది. పిల్లకి మరీ కష్టమైన రోజు వచ్చినప్పుడు తియ్యాలని పెట్టుకుంది. మంచు ముదిరింది, పగలు కుంచించుకుపోయింది. ఇంటికి తెచ్చుకున్న దుంపలు జావ కాచి పిల్లకి పడుతూ, బూజు పట్టినవి తాను తింటూ, అత్తాకోడళ్లు ఉప్పుచేప నములుతూ మంచు కరిగించిన నీళ్లు తాగుతూ రోజులు దొర్లించారు. దీపానికి కొవ్వు అయిపోయింది. యాయక్‌ని బొచ్చు కోటులో పెట్టి, తలముసుగు బిగించి, ఇద్దరి మధ్యా పడుకోబెట్టుకునేవాళ్లు. ముసలమ్మ మెలకువ వచ్చినప్పుడల్లా పిల్ల తలముసుగు అంచు తడిమేది. ఊపిరి తగిలి ఆ బొచ్చు మీద నూగుమంచు కట్టి ఉండేది.

"ఉంది," అనేది తనలో తాను. మళ్లీ పడుకునేది.

దుంపలు అడుగంటాక అంకావిత్ గోడ మూల నాచు పీకింది. ముందు వాసన వచ్చింది. చేప నీలంగా, మెత్తగా, బూజు బొచ్చు పట్టి ఉంది. దీపం వెలిగిన రోజుల్లో గోడ కార్చిన చెమటంతా అదే తాగింది. కత్తితో పైపైన గీకి, లోపలి ముక్క నమిలి పిల్ల నోట్లో పెట్టింది. యాయక్ ఆశగా మింగి, వెంటనే కక్కేసి, తప్పు చేసినదానిలా తల్లి మొహం చూసింది. అంకావిత్ ఆ మిగిలింది తనే తినేసింది. ఏడుపు రాలేదు. ఏడవాలన్నా ఒంట్లో ఏదో ఒకటి ఉండాలి.

ఆ రోజే మంచుచెక్కలు కాళ్లకి కట్టుకుని కలుగులకి బయల్దేరింది. బతికున్న కలుగుని మంచు మీదనే పట్టేయొచ్చు. వేలు దూరేంత కన్నం ఉంటుంది, లోపలి ఊపిరి తగిలి దాని అంచున తెల్లగా నూగుమంచు మొలుస్తుంది. మొదటి కలుగు మీద అది లేదు. రెండోదాని మీదా లేదు. గాలికి కప్పేసి ఉంటుందిలే అని తనకి తాను చెప్పుకుంటూ చివరిదాకా వెళ్లింది. ఎక్కడా లేదు. వెనక్కి వచ్చి మొదటి కలుగు మూతని గునపంతో బద్దలు కొట్టింది.

దుంపలన్నీ నల్లగా కుళ్లి, ఒకదానికొకటి అతుక్కుని ఒకే గడ్డయి ఉన్నాయి. మధ్యలో చేప తల. నేలంతా రాయిలా గడ్డకట్టిన ఆ చలిలో ఆ తల చుట్టూ మాత్రం చారెడు నల్లటి నీరు గడ్డకట్టకుండా నిలిచి ఉంది. ఆ నీటి జాడ వంపుదారి వెంట పడకగది దాకా వెళ్లింది. అక్కడ పరుపు గడ్డి తడిసి బిగుసుకుపోయింది. అందులో చిన్నక్క, ఆమె కడుపు కింద పిల్లలు, అందరూ బిగుసుకుపోయి ఉన్నారు. అంకావిత్ మూత మళ్లీ వేసింది. ఎందుకు వేసిందో ఆమెకే తెలీదు.

"దుంపలేవే?" అంది ముసలమ్మ, సంచి నేల మీద పెట్టిన చప్పుడుకే.

"చిన్నక్క ఇల్లు మారిపోయింది అత్తా."

"అన్ని చిన్నక్కలూనా?"

ముసలమ్మ తడుముకుంటూ వచ్చి కోడలి చేతితొడుగు లాక్కుంది. దానికి అంటిన మట్టిని నాలికతో తాకి చూసింది. ఉప్పగా తగిలింది.

"నేనిచ్చిన ఎండుచేప ఏం చేశావ్?"

"దాచాను. పిల్లకని."

"మరి తిందా?"

"బూజు పట్టింది."

ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వు కంటే చెంప మీద కొట్టినా బాగుండేది. "మనింట్లో పెడితే బూజు పడుతుందనే కదే పిచ్చిమొహమా, ఆవిడింట్లో పెడుతున్నాం," అంది. పిల్లని ఒడిలోకి లాక్కుని, గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు తెల్లవారుతుంటే ముసలమ్మే కోడలిని లేపింది. ఎప్పటిలా పిల్ల ఆవిడ కోటు లోపల, గుండెకి ఆని ఉంది.

"లే. ఇంకొక్క కలుగుంది. ఏరు రెండుగా చీలేచోట, ఎత్తున, పొదలకి గాలి తగలని వైపు. మా అమ్మ నాకు చూపించింది. నేనెవరికీ చూపలేదు. ఈ అమ్మ పెద్దదయ్యాక దీనికే చూపిద్దామనుకున్నాను." ముసలమ్మ చేత్తో పిల్ల తలముసుగు నిమురుతోంది. "ఇప్పుడు నువ్వెళ్లు."

"పెట్టడానికి ఏమీ లేదత్తా."

"ఏమీ పెట్టకు. ఉప్పు మాత్రం పెట్టకు."

అంకావిత్ పిల్లని చూడ్డానికి వంగింది. ముసలమ్మ కోటు అంచు దగ్గరికి లాక్కుంది. "తియ్యకు, చలి దూరుతుంది. రాత్రంతా కునుకు లేదు, ఇప్పుడే పడుకుంది."

"మంచు కట్టిందా?"

ముసలమ్మ వేళ్లు బొచ్చు మీద ఆగాయి. "ఉంది," అంది. "వెళ్లు."

దారి పొడుగునా గాలి ఎదురొచ్చింది. అంకావిత్ పడుతూ లేస్తూ వెళ్లింది. ఏరు చీలేచోట పొదల వెనక మంచు మీద కన్నం కనబడింది. దాని చుట్టూ వేలెడు పొడుగున తెల్లటి నూగుమంచు. తవ్వి మూత ఎత్తి, తొడుగు తీసి చెయ్యి పెట్టింది. చల్లగా, పొడిగా ఉంది. దుంపలు ఏటి గులకరాళ్లలా వేళ్లకి గలగలా తగిలాయి. వంపుదారి లోంచి పడకగది వెచ్చదనం వచ్చి మణికట్టుకి తాకింది. ఎన్నో రోజుల తర్వాత ఆమె ఒంటికి తగిలిన వెచ్చదనం అదే.

అంతా ఊడ్చుకుపోవాలని చేతులు కొట్టుకున్నాయి. సగం దగ్గర ఆపింది. ఆపడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు.

"చేపలు ఎక్కగానే తెస్తాను చిన్నక్కా. ఎండుదే తెస్తాను. నీ పిల్లలకి పెట్టినట్టే అనుకో, నా పిల్ల కోసం," అని ఆ చీకటి గదితో చెప్పింది. మూత సర్ది, మంచు తవ్వి నాచు తీసి సందులన్నీ కూరి, పైన మంచు కప్పింది. దుంపల సంచిని కోటులో పెట్టుకుని, పిల్లని మోస్తున్నట్టే రెండు చేతులా పట్టుకుని ఇంటిదారి పట్టింది. జావ పల్చగా కాచాలి, ఒక్కసారిగా పట్టకూడదు, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టాలి అనుకుంటూ నడిచింది.

ఇంట్లోకి దిగేసరికి ముసలమ్మ పొద్దున కూర్చున్న చోటే, అలాగే ఉంది.

"తెచ్చాను అత్తా. మీ అమ్మని లేపు."

ముసలమ్మ లేపలేదు. అంకావిత్ వెళ్లి పిల్ల తలముసుగు తడిమింది. బొచ్చు పొడిగా, మెత్తగా ఉంది. మళ్లీ తడిమింది.

"నేను ఆలస్యం చేశానా? మూత దగ్గర చాలాసేపు..."

"నీ ఆలస్యం ఏమీ లేదు," అంది ముసలమ్మ. "పొద్దున్నే లేదే. నిన్ను లేపకముందే లేదు."

"ఉందన్నావు."

"చెప్తే వెళ్లేదానివా? దాన్ని పట్టుకుని ఇక్కడే పడుకునేదానివి. కవావ్ తిరిగొచ్చేసరికి ఇంట్లో ఒక్కరైనా ఉండొద్దూ?"

అంకావిత్ అత్తని తిట్టాలనుకుంది, జుట్టు పట్టుకుని ఈడ్వాలనుకుంది. ఆ పని చేసే హక్కు తనకి లేదని గుర్తొచ్చింది. పిల్లని ఒళ్లోకి తీసుకుని, ఆ పొడి బొచ్చు మీద తన నోటితో ఊదుతూ కూర్చుంది. తన ఊపిరికి అది కాసేపట్లోనే తెల్లబడింది. దాన్ని చూసి అప్పుడు ఏడ్చింది.

గిర్గోల్ రెండు మోపుల కట్టెలు వేసుకొచ్చాడు. ఎవరూ పిలవకుండానే చితి పేర్చాడు. మంట అంటుకునే ముందు, వాడుక ప్రకారం పిల్లకి దారి తిండి పెట్టాలి. అంకావిత్ దుంపల్ని మూడు వాటాలు చేసింది. ముసలమ్మ తడిమి చూసి చిన్న పిడికెడు మాత్రం పిల్ల పక్కన చితిలో పెట్టించింది.

"మా అమ్మ వాటాలో మిగతాది చిన్నక్కకి ఇచ్చెయ్," అంది. "పిల్ల కోసం అని అడిగి తెచ్చావుగా. పిల్ల తినలేదు."

పొయ్యి చల్లారిన ఇంట్లోంచి తిండి తీసుకెళ్లి ఎలుకకి పెట్టి రావడాన్ని ఆకలి ఎరిగినవాళ్లు పిచ్చి అంటారు. అనుకోనివ్వండి. మర్నాడు అంకావిత్ మళ్లీ ఆ దారినే నడిచి, ఏరు చీలేచోట మంచు తవ్వి, మూత ఎత్తింది. దుంపల్ని ఒక్కొక్కటే తుడిచి, ఇదివరకు ఎలా ఉన్నాయో అలా పేర్చింది. పిల్ల దుప్పటి అంచులు లోపలికి దోపినట్టు సందుల్లో నాచు దోపింది. అత్త చేసినట్టే బోర్లా పడుకుని కన్నానికి చెంప ఆనించింది. ముందు ఏమీ తెలియలేదు. తర్వాత సన్నగా, వెచ్చగా తగిలింది.

చెంప మొద్దుబారేదాకా అలాగే ఉంది. లేచాక, అలవాటు కొద్దీ తన తలముసుగు అంచు తడుముకుంది. నూగుమంచు దట్టంగా కట్టి ఉంది. గోళ్లతో దాన్ని గీకి పారేసి, అత్త ఒక్కతే ఉన్న ఇంటి వైపు నడిచింది.